పులి గుర్తుండదు, గుండెదడ గుర్తుంటుంది

దసరా రోజుల్లో విశాఖ వన్‌టౌన్ సందుల్లో డప్పు వినబడగానే నాలుగేళ్ల పాప గుమ్మం దాకా పరిగెడుతుంది. మలుపులో పులి కనబడగానే అంతే వేగంగా వెనక్కొచ్చి అమ్మ కుచ్చిళ్లలో మొహం దాచుకుంటుంది. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, నడుముకి తోక. దరువు మారగానే పులి నేల మీదికి వంగి నిమ్మకాయను పళ్లతో అందుకుంటుంది.

"అమ్మా, నిజం పులేనా?"

"కాదమ్మలూ, వేషం కట్టాడు."

పాప నమ్మదు. కానీ ఒక కన్ను మాత్రం కుచ్చిళ్ల చాటు నుంచి బయటపెట్టి చూస్తూనే ఉంటుంది.

భయపడుతూనే చూపు తిప్పుకోలేకపోవడం కళతో మనిషికి కలిగే తొలి పరిచయాల్లో ఒకటి. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే పాప ఏ హైదరాబాదులోనో ఆఫీసు నుంచి ఇంటికొస్తూ దూరంగా డప్పు వింటే కాళ్లు ఆగిపోతాయి. ఎందుకాగాయో తనకే తెలియదు. పులి గుర్తుండదు, నిమ్మకాయ గుర్తుండదు, ఏ సందో గుర్తుండదు. గుండె మాత్రం కొట్టుకుంటుంది.

ఈ స్థితిని కాళిదాసు ఎప్పుడో పట్టుకున్నాడు. అభిజ్ఞాన శాకుంతలం ఐదో అంకం మొదట్లో అంతఃపురం లోంచి హంసపదిక పాట వినబడుతుంది. శాపం వల్ల దుష్యంతుడికి శకుంతల గుర్తు లేదు. తనకు కావలసినవాళ్లెవరూ దూరమైనట్టు తోచదు, అయినా పాట వినగానే మనసు బరువెక్కుతుంది. అందమైనది చూసినా తీయని శబ్దం విన్నా సుఖంగా ఉన్నవాడికి సైతం బెంగ పుట్టిందంటే, తెలివికి అందని పాత అనుబంధమేదో లోపల స్థిరంగా ఉండి కదులుతోందన్నమాట అనుకుంటాడు. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు ఈ శ్లోకాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. చూసేవాడిలో వాసనలు, అంటే పాత అనుభవాలు వదిలిన జాడలు, ముందే ఉంటేనే రసం పుడుతుందన్నది ఆయన మాట. ఆయన ఆ జాడల్ని వెనకటి జన్మల దాకా తీసుకెళ్లాడు. మనం ఈ జన్మలోని మొదటి పదేళ్ల దగ్గర ఆగినా సంగతి అర్థమవుతుంది.

రెండు జ్ఞాపకాలు, రెండు దారులు

ఒక సంఘటన మనలో రెండు రకాలుగా నిలుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్న వివరాలకు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి. చిన్నపిల్లల్లో అది నెమ్మదిగా పక్వమవుతుంది. అందుకే పెద్దవాళ్లను మీ మొట్టమొదటి జ్ఞాపకమేమిటని అడిగితే సగటున మూడు, మూడున్నరేళ్ల వయసు దగ్గర ఆగిపోతారు. ఏడేళ్ల లోపువి కూడా చెల్లాచెదురుగానే ఉంటాయి. భావం సంగతి వేరు. భయం, ఆశ్చర్యం, హాయి ముద్రపడటంలో అమిగ్డలా అనే మరో భాగానికి పెద్ద పాత్ర ఉంది.

ఈ రెండూ విడివిడిగా నడుస్తాయనడానికి 2010లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు చక్కటి ఆధారం చూపించారు. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఐదుగురికి విషాద దృశ్యాలు చూపించారు. కొద్ది నిమిషాలకే ఏం చూశారో దాదాపు మరిచిపోయారు. దుఃఖం మాత్రం పోలేదు. కారణం తెలియని దుఃఖం, అచ్చం దుష్యంతుడి బెంగలా.

అది కొన్ని నిమిషాల ముచ్చట, ముప్ఫై ఏళ్ల ముచ్చట ఎలా అవుతుందని అడగాలి. రెండు కారణాలు పనిచేస్తాయి. ఒకటి, ఒంట్లో ఉద్వేగం రేగినప్పుడు విడుదలయ్యే రసాయనాలు జ్ఞాపకాన్ని గట్టిపరుస్తాయి. 1994లో కాలిఫోర్నియా పరిశోధకులు కొందరికి ఆ రసాయనాల ప్రభావాన్ని అడ్డుకునే ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చి, ఉద్వేగభరితమైన కథను స్లైడ్లలో చూపించారు. వారం తర్వాత అడిగితే, మాత్ర వేసుకున్నవాళ్లకు కథలోని కలవరపెట్టే ఘట్టం మిగతావాళ్లకున్నంత బాగా గుర్తులేదు. రెండోది, పండగ. డప్పు ఆ ఒక్క ఏడాదే కాదు, ప్రతి దసరాకీ మోగుతుంది. పాప ఐదో ఏట, ఆరో ఏట, పదో ఏట అదే దరువు వింటుంది. పాత గుండెదడ ప్రతిసారీ మళ్లీ రేగి, మళ్లీ ముద్రపడుతుంది. కళను ఏడాదికోసారి వాడకట్టులోకి తెచ్చే పండగలు ఈ పని తరతరాలుగా చేస్తున్నాయి. దీనికి సాటి వచ్చే ఏర్పాటు బడిలో ఇంకా రాలేదనే చెప్పాలి.

లక్కపిడతల దారి

పులి ఒక్కసారిగా మీదపడే కళ. చప్పుడు చేయకుండా రోజూ చేతిలో ఉండే కళ ఇంకొకటి ఉంది. విశాఖకు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం దాన్ని లక్కపిడతల రూపంలో తయారుచేస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బొమ్మ చేసే తీరు పిల్లలకు ఒక్కసారైనా చూపించదగ్గది. మెత్తని అంకుడు కర్ర ముక్కను లేత్‌కి బిగిస్తారు. అది గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి గిన్నె ఆకారమో బొంగరం ఆకారమో తీస్తారు. ఇక్కడి దాకా అది పాలిపోయిన తెల్ల కర్ర. అప్పుడు రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు నొక్కి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. నిప్పు లేదు, కుంచె లేదు. ఆ పైన మొగలి ఆకు ఆనించి పట్టుకుంటే రంగు సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. రంగు పట్టడం పిల్లవాడి కళ్లముందే క్షణాల్లో అయిపోతుంది. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం. సహజ రంగుల్ని ఈ ఊళ్లో మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

సహజ రంగుల విషయం ఇక్కడ అలంకారానికి చెప్పింది కాదు. రెండేళ్లలోపు పిల్లలు ఏ వస్తువునైనా మొదట నోట్లో పెట్టుకునే పరిచయం చేసుకుంటారు. వాళ్లకు లక్కపిడత అంటే ముందు నాలుక మీది నునుపు, తర్వాత అరచేతిలో గుండ్రదనం, ఆ తర్వాతే రంగు. కొనేటప్పుడు అడగాల్సింది రంగు మొక్కలదా, రసాయనమా అని. చిన్న మూతలు, పూసలు ఊడివచ్చే బొమ్మల్ని మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

రోజూ కనబడేదాని మీద ఇష్టం పెరుగుతుందన్నది 1968లో మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ ప్రయోగాలతో బాగా తెలిసింది. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కటింగ్ తన తరగతిలో అంతగా పేరులేని ఇంప్రెషనిస్ట్ (పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ శైలి) చిత్రాల్ని పాఠాల మధ్య రెండు మూడు సెకన్లు, ఏ వ్యాఖ్యా లేకుండా చూపిస్తూ పోయాడు. టర్ము చివరికి ఆ విద్యార్థులకు అవి మరింత నచ్చాయి. ఇక్కడే చాలామంది తొందరపడి, ఏది గోడకు తగిలించినా సరిపోతుందనుకుంటారు. 2013లో బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, విమర్శకులు నాసిరకమనే ఒక చిత్రకారుడి బొమ్మలతో ఇదే పద్ధతి పాటించారు. పదేపదే చూసేకొద్దీ వాటి మీద ఇష్టం తగ్గింది. కాబట్టి ఎన్నిసార్లు చూపించామన్నదొక్కటే లెక్క కాదు. చూసిన ప్రతిసారీ ఇంకొంచెం బయటపడేది ఆ వస్తువులో ఉండాలి.

తరగతి గోడల్ని చూడండి. ఇరవై చార్టులు, మెరుపు కాగితాల తోరణాలు, అన్నీ పెద్దవాళ్ల కంటి ఎత్తులో. నాలుగేళ్ల పిల్ల ఎత్తు దాదాపు మీటరు, కంటి ఎత్తు 90 సెంటీమీటర్లు. మ్యూజియంలో పటం మధ్యభాగాన్ని మామూలుగా 145 నుంచి 155 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచుతారు. దగ్గరగా నిలబడిన పిల్లకు పటం కింది చట్రం, అద్దం మీద ట్యూబ్‌లైటు మెరుపు కనబడతాయి, బొమ్మ కాదు. బడిలోనైతే ఒకే మంచి బొమ్మను 90 సెంటీమీటర్ల ఎత్తులో మూడు నెలలు ఉంచి, తర్వాత మార్చండి. మ్యూజియంలోనైతే రెండు మూడు మీటర్లు వెనక్కి తీసుకెళ్లండి, లేదంటే ఎత్తుకోండి.

పక్కన ఎవరున్నారు

బ్రిటన్ మనస్తత్వవేత్త జాన్ స్లొబోడా పెద్దవాళ్లను పదేళ్ల లోపు సంగీతానుభవాలు గుర్తుచేసుకోమన్నాడు. గాఢమైన ఆనందం, విస్మయం చెప్పినవాళ్ల జ్ఞాపకాల్లో పరిసరాలు చాలావరకు ఒకేలా ఉన్నాయి: ఇల్లో, స్నేహితుల మధ్యో, తీరిగ్గా వినే వేళో. ఎవరూ మార్కులు వేయడం లేదు, ఎవరూ పాడి వినిపించమనడం లేదు. ఉపాధ్యాయుడి ముందు పాడాల్సివచ్చిన జ్ఞాపకాల్లో ఎక్కువగా ఉన్నది బెరుకు, అవమానం.

దీన్ని మన ఊరికి అన్వయిస్తే, పిఠాపురం కాలనీలోని కళాభారతిలో కచేరీకి పిల్లల్ని తీసుకెళ్లి తాతయ్య ఒళ్లో నిద్రపోనివ్వడం వృథా కాదు. నిద్రకూ మెలకువకూ మధ్య చెవిన పడే తంబూర శ్రుతి, తాతయ్య మోకాలి మీద వేసే తాళం కలిసి ఒకే హాయిగా ముద్రపడతాయి. "ఇది ఏ రాగం, చెప్పు?" అని లేపి అడిగితే ఆ హాయి చెదిరి పరీక్ష మొదలవుతుంది.

బహుమతి కూడా ఇలాగే చెడగొడుతుంది. 1973లో స్టాన్‌ఫర్డ్ శిశుశాలలో మార్క్ లెపర్, మరి ఇద్దరు పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ గీస్తే బంగారు నక్షత్రమున్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఖాళీ సమయంలో వీళ్లు గీతలకు పెట్టిన సమయం మిగతా పిల్లలు పెట్టినదాంట్లో సగమే. ముందు చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లలో ఈ నష్టం కనబడలేదు. అపార్ట్‌మెంట్ సంఘాలు, బడులు పెట్టే బొమ్మల పోటీల్లో ఐదేళ్ల లోపు విభాగం ఎత్తేస్తే మేలు. పెద్ద కాగితం పరిచి అందరితో కలిపి గీయించండి, చివర్లో అందరికీ అరటిపండో బిస్కెట్టో పంచండి. ముందే ఊరించకపోతే చాలు.

ఫోన్ సంగతీ చెప్పాలి. 2014లో మనస్తత్వవేత్త లిండా హెంకెల్ ప్రచురించిన అధ్యయనంలో మ్యూజియం వస్తువుల్ని ఫోటో తీసినవాళ్లకు, ఊరికే చూసినవాటికంటే ఫోటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. వస్తువులో ఒక చిన్న భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీస్తే మాత్రం ఆ నష్టం లేదు. ఫోన్ ఇవ్వక తప్పకపోతే, "ఈ ఏనుగు బొమ్మలో కన్ను ఒక్కటే తియ్యి" అని ఇవ్వండి. పిల్లవాణ్ణి శిల్పం ముందు నిలబెట్టి కెమెరా వైపు తిప్పి నవ్వించడం అన్నిటికంటే చేటు. ఆ క్షణంలో కళ వాడి వీపు వెనక ఉంటుంది.

ఒక గంట, ఐదు వస్తువులు

ఒక్కసారి వెళ్లొస్తే ఏమొస్తుందిలే అనేవాళ్లకు అమెరికాలోని అర్కన్సా రాష్ట్రం నుంచి గట్టి సమాధానముంది. అక్కడ 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే కళా మ్యూజియం తెరిచారు. చూడటానికి వస్తామన్న బడులు మరీ ఎక్కువవడంతో లాటరీ తీశారు. దాంతో వెళ్లినవాళ్లను, వంతు ఇంకా రానివాళ్లను పోల్చే వీలు దొరికింది. 123 బడుల నుంచి పదివేలకు పైగా విద్యార్థుల్ని పరిశీలించారు. వాళ్లు చూసింది సుమారు గంట, ఐదారు చిత్రాలు. వారాల తర్వాత అడిగితే, ఒక చిత్రంలో బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు బానిసల చేత పండించే చెరకు పంచదారకు పోటీగా మేపుల్ చెట్టు పాకం కాస్తున్నారని, ఆ చిత్రం చూసినవాళ్లలో 88 శాతం మంది చెప్పగలిగారు. పల్లెటూళ్ల పిల్లల్లో, పేద పిల్లల్లో మార్పు మరింత ఎక్కువ.

గంట, ఐదు వస్తువులు అన్న కొలతను అలాగే తీసుకోవచ్చు. బీచ్‌రోడ్డులో పాత డచ్చి బంగళాలో 1991లో మొదలైన విశాఖ మ్యూజియంలోకి అడుగుపెడితే ఆయుధాలు, పటాలు, నాణేలు అన్నీ కలిసి పిల్లల్ని ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. పెద్దవాళ్లు ముందొకసారి ఒంటరిగా వెళ్లి ఐదు వస్తువులు ఎంచుకోవాలి. పిల్లలతో వెళ్లినప్పుడు ఒక్కోదాని దగ్గర ఏడెనిమిది నిమిషాలు. మిగతా సమయం నడకకు, మంచినీళ్లకు, కిటికీ లోంచి సముద్రం చూడటానికి. భోజనం ముందే అయిపోవాలి. ఆకలితో ఉన్న పిల్లకు ఆకలే గుర్తుంటుంది.

ఏం మాట్లాడాలన్నదానికి అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ తయారుచేసిన పద్ధతి ఉంది. మూడే ప్రశ్నలు. ఇందులో ఏం జరుగుతోంది? ఏది చూసి అలా అన్నావు? ఇంకా ఏం కనబడుతోంది? చూడ్డానికి తేలిక. చెడేది రెండో ప్రశ్న దగ్గర. "ఏది చూసి అలా అన్నావు" అన్నది "నువ్వన్నది తప్పు" అన్న గొంతుతో వస్తే పిల్లవాడు నోరు మూసుకుంటాడు. ప్రశ్న అడిగాక లోపల పది లెక్కపెట్టుకోండి. మూడు లెక్కపెట్టేసరికి జవాబు మనమే అందించేయాలనిపిస్తుంది, ఆగాలి.

రాతి పనికి అనకాపల్లి దగ్గరి శంకరంలోని బొజ్జన్నకొండ మంచి చోటు. విశాఖకు సుమారు 40 కిలోమీటర్లు. మెట్లెక్కితే కొండలోనే తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, పక్కన లింగాలకొండ మీద రాతిలోనే చెక్కిన చిన్న చిన్న స్తూపాల వరుసలు. ఎండ దిగాక నాలుగు గంటలకు వెళ్తే ఏటవాలు వెలుగులో చెక్కడం స్పష్టంగా కనబడుతుంది, కాళ్లు కాలవు. ఇక్కడ మొదట చేయించాల్సింది చరిత్ర చెప్పించడం కాదు, గుహలోకి అడుగుపెట్టి నిశ్శబ్దంగా నిలబడనివ్వడం. బయటి వేడి, లోపలి చల్లదనం, తన గొంతు తనకే వేరుగా వినబడటం, ఇవి ముందు ఒంటికి తెలియాలి. ఏ శతాబ్దం, ఎవరు చెక్కారన్నది ఇంటికెళ్లాక తనే అడుగుతాడు.

సింహాచలంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకునే ఆచారం పిల్లల విషయంలో అమోఘంగా పనిచేస్తుంది. చెంపకు తగిలిన చల్లని రాయిని ఏ పాఠమూ ఇవ్వలేదు. వాసన సంగతైతే మరీను. వాసనతో మేలుకొనే జ్ఞాపకాలు ఎక్కువగా మొదటి పదేళ్లవేనని స్వీడన్ పరిశోధకులు తేల్చారు, మాట వింటేనో బొమ్మ చూస్తేనో వచ్చేవి ఎక్కువగా యవ్వనంలోవి. కొండ మీది సంపెంగ, అరగదీసిన చందనం, తడి రాయి కలిసిన వాసన ఒక్కసారి పట్టుకుంటే ఆ చెక్కడాలన్నీ దాని వెంటే వస్తాయి. వచ్చేటప్పుడు రెండు సంపెంగలు కొని పిల్ల పుస్తకంలో పెట్టండి.

భయం ఎక్కడ ఆగాలి

మళ్లీ పులి దగ్గరికి. 1969లో రీటా డివ్రీస్ అనే మనస్తత్వవేత్త, మేనార్డ్ అనే పిల్లిని పిల్లలకు చూపించి, దాని తోక వైపు వాళ్లకు కనబడుతుండగానే తెరచాటున తలకు కుక్క ముసుగు తొడిగింది. మూడేళ్ల పిల్లల్లో చాలామంది అది కుక్కైపోయిందనే అనుకున్నారు. ఆరేళ్ల వాళ్లకు అది పిల్లేనని తెలుసు. కాబట్టి మూడేళ్ల పాపకు "అది వేషం" అన్న మాట చెవిన పడినా అక్కరకు రాదు. కళ్లకు పులి కనబడుతోంది మరి. తోసి, పులి చేతికిచ్చి, ఏడుస్తుంటే నవ్వుతూ వీడియో తీస్తే అది కళానుభవం కాదు, వట్టి భయం. భయానకం రసం కావాలంటే అది నా ప్రాణానికి ముప్పు కాదన్న ధీమా ఉండాలని మన ఆలంకారికులు చెప్పింది ఇదే.

చేయాల్సింది రెండు విడతల్లో. మొదట దూరం: ఎత్తుకుని అరుగు మీద నుంచి చూపించడం. జాతరల్లో సౌండ్‌బాక్సులకు దూరంగా ఉండాలి, ఆరుబయట దూరం రెట్టింపైతే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చెవి నొప్పెడితే గుర్తుండేది ఆ నొప్పే. తప్పెటగుళ్లకైతే మైకు లేని చోటే వెతకండి. గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెటల్ని రెండు చేతులతో వాయిస్తూ గజ్జెలతో ఎగురుతుంటే ఆ దెబ్బ పిల్లల ఛాతీకి నేరుగా తగులుతుంది, దానికి పెట్టెల సాయం అక్కర్లేదు.

రెండో విడత ఆట అయ్యాక. పులి తోక భుజాన వేసుకుని టీకొట్టు దగ్గర టీ తాగుతుంటే పాపను తీసుకెళ్లి చూపించండి. చారలున్న చేతిలో గాజు గ్లాసు, చెమటకు కరిగిన పసుపు రంగు, "ఏం పేరమ్మా?" అని మామూలు గొంతు. పులీ మనిషీ ఒకే ఒంట్లో ఉండగలరని పిల్లలు తెలుసుకునేది ఇక్కడే.

పన్నెండు, పదమూడేళ్లు దాటాక లెక్క మారుతుంది. పదికీ ముప్ఫైకీ మధ్య విన్న పాటలు, చూసినవి జీవితమంతా ఎక్కువ గుర్తుంటాయి. 2013లో కార్నెల్ పరిశోధకులు గమనించిందేమంటే, ఇరవయ్యేళ్లవాళ్లకు తమ రోజుల పాటలతోపాటు అమ్మానాన్నల యవ్వనకాలపు పాటల మీద కూడా ప్రత్యేకమైన మక్కువ ఉంది. వంటింట్లో అమ్మ పెట్టుకున్న పాటలే అవి. ఆ వయసు పిల్లలకు కళను చూపించాలని వెంటపడకండి. మీకు నచ్చింది మీరు వింటూ ఉండండి, తలుపు తీసి ఉంచండి.

నాలుగేళ్ల పాపకు మాత్రం పండగ మర్నాడు కాగితం, పసుపు, నలుపు, ఆకుపచ్చ క్రేయాన్లు చేతికందేలా పెట్టి ఊరుకోండి. ఏం చూశావో గియ్యి అనొద్దు. ఆ రోజే గీయొచ్చు, పది రోజులకు గీయొచ్చు. గీసినప్పుడు పులికి రెండే కాళ్లుంటాయేమో, నిమ్మకాయ పులి తలకంటే పెద్దగా ఉంటుందేమో. దిద్దకండి. వెనక తేదీ, వీధి పేరు, పక్కన ఎవరున్నారో రాసి, ఇంటి పత్రాలుండే ఫైల్లో పెట్టండి.